బండికి గాలి సోకింది

ఇంట్లో మనిషికి జబ్బు చేస్తే ఒక్క వైద్యుడు వస్తాడు. బండికి జబ్బు చేస్తే వీధి వీధంతా వైద్యులే. ఈ సంగతి మాకు 2022వ సంవత్సరం ధనుర్మాసంలో బాగా తెలిసివచ్చింది. ఆ వైద్యులలో మేమూ చేరి, మందు మీద మందు మార్చి, చివరకు రోగాన్ని వదలిపెట్టి రోగి పక్కన నిలుచున్నవాణ్ణి దండించినాము. ఇది చెప్పుకుంటే మాకు పెరిగే గౌరవం ఏమీ లేదు. అయినా సేద్యమున్న మన కుటుంబాలలో ఈ రోజుల్లో పికప్ బండి లేని ఇల్లు అరుదు గనుక, మా తెలివితక్కువ వల్ల పదిమందికి తెలివి కలిగితే మేలే గదా అని వ్రాస్తున్నాము.

మేము అంటే అన్నదమ్ములం ఇద్దరం. మాది ధర్మపురి జిల్లా పాప్పిరెడ్డిపట్టి తాలూకాలోని కడత్తూరు. మా తాతగారి కాలంలో ఇది సేలం జిల్లా. 1965లో ధర్మపురి వేరు జిల్లా అయింది. జిల్లా పేరు మారింది గాని మా ఇంటి మాట మారలేదు. వీధిలో తమిళం, గడప దాటి లోపలికి వస్తే తెలుగు. మా పూర్వులు ఎప్పుడు ఈ సీమకు వచ్చినారో చెప్పగలవారు ఇప్పుడు మా ఇంట ఎవరూ లేరు. తొంభై దాటిన మా నాయనమ్మ ఉన్నది; మేము అవ్వ అంటాము. ఆమెను అడిగితే, "రాలేదురా, ఇక్కడే ఉన్నాము" అంటుంది.

మాకు కొద్దిపాటి తమలపాకు తోట ఉన్నది. అవిసె చెట్లకు తీగ పాకించి పెంచే తోట. కడత్తూరు ఆకు సంతకు చుట్టుపట్ల మంచి పేరు. ఆకు కోసిన తరువాత దానికి ఆయువు తక్కువ. తడి గోనె కప్పినా, నీడన పెట్టినా, పొద్దెక్కేకొద్దీ వాడుతుంది. వాడేకొద్దీ ధర పోతుంది. అందుచేత ఆకువ్యాపారమంటే తెల్లవారుజాము వ్యాపారం. మా తోట ఆకే గాక, ఇరుగుపొరుగు రైతుల ఆకూ మా బండిలోనే వెళ్ళేది. బండి ఒక గంట ఆలస్యమైతే ఒక్క ఇంటికి కాదు, ఆరేడు ఇండ్లకు నష్టం.

ఆ బండి 2016లో మేము సెకండుహ్యాండున కొన్నది. డీజిలు ఇంజను, పాతపద్ధతి పంపు. ఏ కంపెనీ బండి అని పాఠకులు అడుగనక్కరలేదు. ఈ జబ్బు ఏ కంపెనీ బండికైనా రాగలదు. నడిపేది మా అక్క కొడుకు. అక్క ఇల్లు బొమ్మిడిలో. కుర్రవాడు ఐ.టి.ఐ. చదివి, రెండేండ్లుగా మా ఇంటనే ఉండి, బండి కడగడం మొదలు సంతలెక్క వరకు తానే చూచుకునేవాడు. మాటలు తక్కువ, పని ఎక్కువ. పెద్దవాణ్ణి పెద్దమామా అనీ, చిన్నవాణ్ణి చిన్నమామా అనీ పిలిచేవాడు.

కార్తికం దాటి చలి మొదలైన తరువాత బండికి జబ్బు కనిపించింది. తెల్లవారి నాలుగు గంటలకు తాళం తిప్పితే సెల్ఫు జోరుగానే తిరిగేది. ఇంజను మాత్రం పలికేది కాదు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. ఆరేడుసార్లు కొట్టిన మీదట ఒక్క దగ్గు దగ్గి, ఒళ్ళంతా వణికి, ఆగిపోయేది. మళ్ళీ కొడితే లేచేది. ఒకసారి లేచిందా, ఇక పగలంతా పేచీ లేదు. సంతలో ఆపి అయిదు నిమిషాలకు తిప్పితే గుటుక్కున లేచేది. రాత్రి నిద్రపోయి లేచేటప్పుడే దానికి ఆ తిప్పలు.

టీకొట్టు ఆయన బ్యాటరీ అన్నాడు. కొత్త బ్యాటరీ వేసినాము, ఆరువేల అయిదువందలు. రెండు రోజులకు మళ్ళీ అదే కథ. ఎదురింటి ఆయన సెల్ఫు మోటారు అన్నాడు. విప్పి బుష్షులూ కార్బన్లూ మార్చినారు, రెండువేల ఎనిమిదివందలు. సెల్ఫు ఇంకా జోరుగా తిరిగింది, ఇంజను ఇంకా మొండిగా నిలిచింది. మరొకాయన, చలికి బిగుసుకుంటుంది, గాలి పీల్చేచోట కాగితం కాల్చి పెట్టమన్నాడు. ఆ పని చేయబోతే మేనల్లుడు అడ్డం వచ్చినాడు. డీజిలు బండి దగ్గర మంట పెట్టరాదని వాడు అన్నది నూటికి నూరుపాళ్ళు సరి. అప్పుడు మాత్రం, మాకే ఎదురు చెప్పుతున్నాడే అనుకున్నాము.

తరువాత ఒక మెకానిక్కును పిలిపించినాము. ఆయన ఫిల్టరు మీది చిన్న స్క్రూ వదులుచేసి, చేతిపంపు నొక్కినాడు. డీజిలుకు బదులు నురుగు వచ్చింది. నురుగు పోయి మంచి డీజిలు వచ్చేదాకా నొక్కి, స్క్రూ బిగించి, తాళం తిప్పితే బండి ఒక్క కొట్టుకే లేచింది. ఆయన చేతులు తుడుచుకుంటూ తమిళంలో, గాలి పట్టిందని చెప్పినాడు. డీజిలు దారిలో గాలి చేరితే పంపు గాలినే పీల్చుతుంది గాని డీజిలును పీల్చలేదు. ట్యాంకి అడుగంటేదాకా బండి నడిపితే ఇట్లా అవుతుందని కూడ చెప్పి, ఫిల్టరు మార్చి, డబ్బు తీసుకుని వెళ్ళినాడు. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం ఏమీ లేదు. గాలి చేరిన మాట నిజం. అడుగంటితే గాలి చేరుతుందన్న మాటా నిజం. మా బండికి అట్లానే చేరిందా అని ఆయన చూడలేదు, మేము అడుగలేదు.

ఇంట్లోకి వచ్చి అవ్వతో తెలుగులో చెప్పినాము: "బండికి గాలి పట్టిందట."

"గాలి సోకిందా!" అని అవ్వ మంచం మీద లేచి కూర్చుంది. "నేను ఎప్పుడో అనుకున్నాను. కొత్త రంగు వేయించినప్పుడే దిష్టి తగిలింది."

ఆ సాయంత్రం ఎర్రనీళ్ళు కలిపినారు, చక్రాలకింద నిమ్మకాయలు పెట్టినారు, గుమ్మడికాయ కొట్టినారు. మా వాకిలి ఇరుకు గనుక, దిష్టి తీయడానికి చోటు చాలదని బండిని వీధిచివరకు తీసుకువెళ్ళి, అక్కడి పల్లంలో నిలిపినాము. రాత్రి అక్కడే ఉన్నది. మరునాడు తెల్లవారి తాళం తిప్పీ తిప్పకముందే లేచింది. అవ్వ ముఖం వెలిగిపోయింది. "యుద్ధకాలంలో బొగ్గుబస్సు చూచినదాన్నిరా నేను. వెనకాల పొయ్యి రాజేసి, చక్రం తిప్పి తిప్పి, ఎంతసేపటికో గాని అది లేచేది కాదు. బండ్ల సంగతి నాకు చెప్పుతారా" అన్నది. బండి తిరిగి వాకిట్లోకి వచ్చింది. ఆ మరునాడు మళ్ళీ దగ్గు.

మా వాకిలి వీధికంటె ఎత్తు. బండిని లోపలికి పెడితే దాని మొగం మిట్టకు ఉంటుంది, వెనుకభాగం పల్లానికి ఉంటుంది. మేనల్లుడు ఆ రోజే ఒక మాట అన్నాడు: "పెద్దమామా, ఇక్కడ మిట్టకు మొగం పెట్టి నిలిపినప్పుడే ఇట్లా అవుతున్నట్టుంది. రాత్రిళ్ళు వీధిచివర పల్లంలో నిలుపుతాను. పొద్దున లేస్తుందో లేదో చూద్దాము."

ఇక్కడనే మా బుద్ధి గడ్డితిన్నది. మెకానిక్కు ఏమన్నాడు? ట్యాంకి అడుగంటుతున్నది అన్నాడు. అడుగంటేటంత డీజిలు ఎక్కడికి పోతున్నది? బంకు చీటీలు తీసి లెక్క చూచినాము. అంతకుముందు నెలకంటె డీజిలు ఎక్కువే పట్టింది. ఇప్పుడు వీడు బండిని ఇంటి వెలుగు లేనిచోట, వీధిచివర చీకట్లో నిలుపుతానంటున్నాడు. రెండూ రెండూ కలిపి నాలుగని అనుకున్నాము. మాలో పెద్దవాడు ఆ రాత్రి భోజనాల దగ్గర వాణ్ణి అడిగినాడు. అడిగిన తీరు ప్రశ్నలాగా లేదు.

"డీజిలు ఎంతకు అమ్ముతున్నావురా?"

వాడు చేతిలోని ముద్ద విస్తట్లోనే పెట్టినాడు. మాలో చిన్నవాడైనా అడ్డుపడి ఉండవచ్చును, పడలేదు. అందుకే ఈ కథలో మేము అని వ్రాస్తున్నాము గాని, పెద్దవాడు అని వ్రాయడం లేదు. వాడు చేయి కడుక్కుని, బండి తాళాన్ని దేవుడి గూట్లో పెట్టి, "వస్తాను అవ్వా" అని ఆమెతో మాత్రం చెప్పి, బొమ్మిడి వెళ్ళిపోయినాడు. వారం దాటకముందే హోసూరులో ఒక కార్ఖానాలో చేరినాడని తెలిసింది.

సంక్రాంతికి అన్నదమ్ములు ఆడపడుచుకు సారె తీసుకుపోవడం మన ఇండ్లలో తప్పని వాడుక. కొత్త బియ్యం, బెల్లం, చెరుకుగడలు, పసుపుకొమ్ములు, చీర. ఆ ఏడు అక్క ఫోను చేసి, "మీరు రావద్దు. తాళం దేవుడిదగ్గర పెట్టినవాడి తల్లిని నేను. దొంగసొమ్ము తినే ఇంటికి సారె ఎందుకు?" అని పెట్టేసింది. మా నాయన పోయిన తరువాత ఇరవై ఏండ్లలో ఒక్క సంక్రాంతికీ మేము బొమ్మిడి వెళ్ళకుండా ఉండలేదు.

ఇంతకూ బండి మారలేదు. మేనల్లుడు పోయినాడు, దగ్గు పోలేదు. కూలికి వచ్చిన డ్రైవరు నడుపుతున్నాడు, ట్యాంకి నిండుగా ఉన్నది, తాళం మా దిండుకింద ఉన్నది. అయినా తెల్లవారితే అదే తంతు. పండుగ ముందరి సంతరోజున ఎంత కొట్టినా లేవలేదు. కొట్టి కొట్టి కొత్త బ్యాటరీ దిగిపోయింది. తోసి లేపుదామంటే వాకిలి మిట్ట. ఇంకొక బండి దొరికి ఆకు సంతకు చేరేసరికి కొనేవారు చాలవరకు వెళ్ళిపోయినారు. పొరుగురైతులు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అనివుంటే బాగుండేది.

ఆ సంక్రాంతికి మా మామయ్య వచ్చినారు. మా మేనత్త భర్త; సేలంలో బస్సుల వర్కుషాపులో ముప్పైయేండ్లకు పైగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. ఆయనకు జి. డి. నాయుడుగారంటే గురి. 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్ గ్రామంలో తెలుగు కుటుంబంలో పుట్టి, 1920లో పొళ్ళాచ్చికీ పళనికీ నడుమ ఒక బస్సు తానే నడుపుతూ వ్యాపారం మొదలుపెట్టి, తమిళదేశమంతటా పేరుకెక్కిన మహానుభావుడు గదా. యువకుడుగా ఉన్నప్పుడు హోటలులో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో ఒక దొర దగ్గర మోటారుసైకిలు కొని, దాన్ని పూర్తిగా విప్పి, మళ్ళీ బిగించి, ఆ విద్య నేర్చుకున్నారు. మామయ్య ఆ కథ చెప్పి, మా ఖర్చుల జాబితా విని, "ఆయన బండిని విప్పినాడు. మీరు జేబులు విప్పినారు" అన్నారు.

తరువాత ఆయన పనిముట్లు ఏమీ అడుగలేదు. కాఫీ తాగి కూర్చుని ప్రశ్నలు వేసినారు. ఆ క్రమం మాకు ఉపయోగపడింది గనుక ఇక్కడ చెప్పుతున్నాము.

ఇంజను లేవకపోవడం మూడు రకాలట. తాళం తిప్పితే అసలు తిరగకపోవడం ఒకటి. నీరసంగా తిరగడం రెండు. జోరుగా తిరిగీ పలకకపోవడం మూడు. మొదటి రెండూ ఎక్కువభాగం కరెంటు జబ్బులు. వాటికి మీటరు పెట్టి చూడాలి. బండి రాత్రంతా ఊరుకున్న తరువాత మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దరిదాపు చూపాలి. 12కు దిగితే దాదాపు ఖాళీ అయినట్టే. సెల్ఫు తిరిగేటప్పుడు 9.6కంటె కిందికి పడిపోతే బ్యాటరీని అనుమానించాలి. అంతకంటె ముందు బ్యాటరీ కొనలమీద తెల్లగా పచ్చగా బూజు పట్టిందేమో, ఇంజనుకూ చాసిసుకూ నడుమ ఉండే ఎర్తు తీగ వదులైందేమో చూడాలి. వేడినీళ్ళలో వంటసోడా కలిపి కడిగితే పోయే జబ్బుకు కొత్త బ్యాటరీ కొన్నవారు చాలామంది ఉన్నారని మామయ్య నవ్వినారు. సెల్ఫును పదిసెకండ్లకు మించి ఒక్క పట్టున కొట్టరాదు, కొట్టి ఒక నిమిషమైనా ఆగాలి; లేకుంటే సెల్ఫు మోటారు కాలుతుందని కూడ చెప్పినారు.

మాది మూడవ రకం. డీజిలు ఇంజనుకు నిప్పురవ్వ అక్కరలేదు. జర్మనీలోని ఆగ్స్‌బర్గులో రుడాల్ఫ్ డీజిలు అనే ఇంజనీరు 1897లో నిలబెట్టి చూపిన యుక్తి ఇదే: సిలిండరులోని గాలిని పదహారోవంతుకో ఇరవయ్యోవంతుకో అదిమితే అది అయిదువందల డిగ్రీలకు పైబడి వేడెక్కుతుంది, ఆ వేడిలోకి డీజిలును చిమ్మితే దానంతట అదే మండుతుంది. సైకిలు పంపు కొట్టేటప్పుడు దాని అడుగు చేతికి వేడిగా తగలడం అందరికీ తెలిసిందే. ఇదీ ఆ జాతిదే. కనుక జోరుగా తిరిగే డీజిలు ఇంజను పలకలేదంటే, అదిమే బలమైనా తగ్గి ఉండాలి, వేడైనా చాలకుండాలి, డీజిలైనా చేరకుండాలి.

"ఏది అని తెలుసుకోవడం ఎట్లా మామా?"

"పొగను అడగండి" అన్నారు.

ఒకరు తాళం తిప్పుతుంటే ఇంకొకరు వెనకాల పొగగొట్టం దగ్గర నిలబడాలి. తెల్లపొగ వచ్చి, పచ్చి డీజిలు వాసన కొడితే, డీజిలు చేరుతున్నది గాని మండడం లేదు: చలి, హీటరు ప్లగ్గులు, అరిగిన ఇంజను, వీటిలో ఏదో ఒకటి. నల్లపొగ వస్తే డీజిలుకు తగిన గాలి చాలడం లేదు. అసలు పొగే లేకపోతే డీజిలే చేరడం లేదు. మరునాడు తెల్లవారి మాలో చిన్నవాడు వెనకాల నిలబడినాడు. పెద్దవాడు అయిదుసార్లు కొట్టినాడు. పొగగొట్టం నుంచి పొగ ఒక్క పోగైనా రాలేదు. ఫిల్టరు దగ్గరి చేతిపంపు గట్టిపడేదాకా నొక్కి తిప్పితే వెంటనే లేచింది. అంటే బ్యాటరీకి జబ్బు లేదు, సెల్ఫుకు జబ్బు లేదు, ఇంజనులో బలానికి లోటు లేదు. ఆరువేల అయిదువందలు, రెండువేల ఎనిమిదివందలు అక్కడ నిలబడి మమ్మల్ని చూచి నవ్వినట్టయింది.

"రాత్రి నిలిపే చోటు ఎక్కడ?" అని మామయ్య అడిగినారు.

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూచుకున్నాము. మేనల్లుడు అన్న మాట ఆయనతో చెప్పినాము. తరువాత మేమన్న మాట కూడ చెప్పినాము. ఆయన చాలాసేపు ఊరుకుని, "నోటుపుస్తకం ఒకటి తెండి" అన్నారు.

ఎనిమిది రోజులు వ్రాసినాము. ఒక రాత్రి వాకిట్లో మిట్టకు మొగంగా, ఒక రాత్రి వీధిచివర పల్లానికి మొగంగా. ఎక్కడ నిలిపినాము, ఎన్నిగంటలు నిలిచింది, ఎన్ని కొట్లకు లేచింది అని మూడు వరుసలు. వాకిట్లో ఉన్న నాలుగు రాత్రులూ అయిదు మొదలు ఏడు కొట్లు. పల్లంలో ఉన్న నాలుగు రాత్రులూ ఒక్క కొట్టు. అవ్వ గుమ్మడికాయ కొట్టిన రాత్రి బండి ఎక్కడ ఉన్నదో అప్పుడు మాకు జ్ఞాపకం వచ్చింది.

మా బండిలో ట్యాంకి నుంచి పంపు వరకు డీజిలు పీల్పుమీద వస్తుంది, తోపుమీద కాదు. ఆ దారిలో గొట్టానికి సన్నని పగులు ఉంటే డీజిలు బయటికి కారదు. గాలి లోపలికి పోతుంది. నేలమీద చుక్క పడదు గనుక ఎవరికీ అనుమానం రాదు. ఇంజను తిరుగుతున్నప్పుడు ఆ కాస్త గాలి తిరుగుడు గొట్టం గుండా ట్యాంకికి వెళ్ళిపోతుంది. ఇంజను ఆగి, మొగం మిట్టకు ఉండి, రాత్రంతా నిలిస్తే, పగులుగుండా గాలి చొరబడి, గొట్టంలోని డీజిలంతా మెల్లగా ట్యాంకికి జారిపోతుంది. తెల్లవారి పంపు పీల్చేది ఆ గాలినే. మొగం పల్లానికి ఉంటే డీజిలు ఇంజనువైపే నిలుస్తుంది.

ఎక్కడ పగిలిందో కనుక్కోవడానికి మామయ్య లోపలిది కనిపించే గొట్టం ఒక జానెడు తెప్పించి, ఫిల్టరుకు ముందు అతికించినారు. ఇంజను లేపగానే అందులో బుడగలు జపమాలలాగా వరుసగా వచ్చినవి. అదే గొట్టాన్ని ఒక్కొక్క అతుకు దాటించి ట్యాంకివైపు జరుపుతూ పోయినారు. బుడగలు కనిపించినంతవరకు జబ్బు ఇంకా వెనక ఉన్నట్టు. ట్యాంకి దగ్గరి చివరి అతుకులో, క్లిప్పు కింద, రబ్బరు గొట్టం వెంట్రుకవాసి పగిలి ఉన్నది. వంచితే గాని కనిపించలేదు. దాని చుట్టూ దుమ్ము కాస్త జిడ్డుగా అంటుకున్నది, అంతే. కొత్త గొట్టానికీ రెండు క్లిప్పులకూ కలిపి నూటఎనభై రూపాయలు అయింది. మరునాడు, మొగం మిట్టకు ఉండగానే, బండి ఒక్క కొట్టుకు లేచింది.

అవ్వకు చెప్పినాము. "గాలి సోకిందని నేను అన్నప్పుడు నవ్వినారు" అన్నది. నిజమే. ఆమె గాలి అన్నది, మెకానిక్కు గాలి అన్నాడు, మేనల్లుడు చోటుతో సహా చూపించినాడు. మేము మాత్రం గాలి ఎట్లా వచ్చిందని అడుగక, ఎవరు తెచ్చినారని అడిగినాము.

డీజిలు లెక్క ఒక్కటి మిగిలింది. దాన్ని మా కూలి డ్రైవరు తీర్చినాడు. సంతలో అరగంట ఆగినా అతడు ఇంజను ఆపడం లేదని గమనించి అడిగితే, "ఆపితే లేస్తుందో లేదోనని భయమండీ" అన్నాడు. మేనల్లుడూ ఆ నెలంతా అదే చేసి ఉండాలి. తెల్లవారితే పదిమంది రైతుల ఆకు వాడిమీద ఉండేది.

ఆ ఆదివారం ఇద్దరం హోసూరు వెళ్ళినాము. 2004లో కృష్ణగిరి వేరు జిల్లా అయినప్పటినుంచి హోసూరు మా జిల్లా కాదు గాని, మా పిల్లలకు అన్నంపెట్టే ఊరు అదే. వాడు తోటివారితో ఉండే గదికి వెళ్ళి నిలబడినాము. దారిపొడుగునా అనుకున్న మాటలు ఏవీ నోట రాలేదు. మాలో పెద్దవాడు జేబులోనుంచి ఆ పాత గొట్టంముక్క తీసి వాడి చేతికి ఇచ్చినాడు.

వాడు దాన్ని వెలుతురుకు పట్టి వంచి చూచినాడు. "ట్యాంకి దగ్గరిదా?" అని అడిగినాడు.

"అవునురా. నువ్వు చెప్పింది నిజం. మేము అన్నది తప్పు."

వాడు తల ఎత్తలేదు. ఆ ముక్కను మళ్ళీ వంచి, మళ్ళీ చాపి, "కొత్త క్లిప్పు మరీ బిగించకండి, పెద్దమామా. ఇది బిగింపుకే కోసుకున్నది" అన్నాడు. కాసేపటికి, "టీ తాగుతారా?" అన్నాడు.

తాగినాము. బండి నడపడానికి రమ్మని అడిగినాము. వాడు రానన్నాడు, కోపంతో కాదు, ఉద్యోగం బాగుందన్నాడు. అది నిజమే కావచ్చును. బలవంతపెట్టడానికి మాకు ముఖం లేదు. వచ్చేదారిలో బొమ్మిడిలో దిగి, ఆలస్యమైన సారె అక్క గడపలో పెట్టినాము. ఆమె చీర తీసుకుంది. చెరుకుగడలు ఎండిపోయినవని తిట్టింది. తిట్టిందంటే మాకు సగం ప్రాణం లేచివచ్చింది.

ఇప్పుడు వాడు పండుగలకు వస్తాడు. వచ్చిన రాత్రి అడుగకుండానే దేవుడి గూట్లోని తాళం తీసుకుని, బండిని తన ఇష్టమైన చోట తానే నిలుపుతాడు. ఒక్కొక్కప్పుడు వీధిచివర చీకట్లోనే నిలుపుతాడు. ఎందుకని మేము అడుగము.